సాక్ష్యం చెప్పాక మందులు మానేసిన సహోదరి: ఒక కేసు

స్వస్థత కోసం ప్రార్థించే సంఘ కాపరులు, ప్రార్థన గుంపులు నడిపేవారు చదవాలని ఈ కేసు రాస్తున్నాను. దేవుడు అద్భుతాలు చేస్తాడా లేదా అనే వాదన ఇందులో లేదు. చేస్తాడని నమ్మే చోట, ఆ నమ్మకం వల్లే ఒక మనిషి ఎలా ఇరుక్కుపోయింది, అదే నమ్మకం ఆమెను ఎలా బయటకు తెచ్చింది అన్నదే విషయం. ఆమె అనుమతి తీసుకున్నాను. ఊరి పేరు, సంఘం పేరు రాయలేదు. కుటుంబ వివరాలు కొన్ని మార్చాను. కుష్ఠు జబ్బు, మందులు, నిర్ణయాలు మాత్రం జరిగినవి జరిగినట్టే ఉన్నాయి.

నేపథ్యం

శ్రీకాకుళం జిల్లాలో జీడి పరిశ్రమ ఎక్కువగా ఉన్న ప్రాంతం. ఆమెకు నలభై లోపు వయసు. జీడిపిక్కలు కోసే పనికి వెళ్తుంది. భర్త చెన్నైలో భవన నిర్మాణ పనికి వలస వెళ్లాడు. ఇంట్లో అత్త, ఇద్దరు పిల్లలు. కుటుంబంలో ప్రభువును నమ్ముకున్నది ఈమె ఒక్కతే. అత్త గ్రామదేవతను కొలుస్తుంది. కోడలు మందిరానికి వెళ్తే అడ్డు చెప్పదు, తాను మాత్రం వెళ్లదు.

చేతి మీద, వీపు మీద పాలిపోయిన మచ్చలు చాలాకాలంగా ఉన్నాయి. వేళ్ల మీద బొబ్బలు లేచినా నొప్పి తెలిసేది కాదు. ఈ పనిలో జీడిసొన తగిలి చేతులు కాలడం అందరికీ మామూలే కాబట్టి ఎవరూ అనుమానించలేదు. ఇంటింటి సర్వేకి వచ్చిన ఆశా కార్యకర్త మచ్చ చూసి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపింది. అక్కడ మచ్చ మీద పెన్ను మొనతో తాకి చూశారు. స్పర్శ లేదు. మోచేతి లోపలి వైపు నరం తాడులా లావెక్కింది. మచ్చలు ఐదుకు మించి ఉన్నాయి. కుష్ఠు అని నిర్ధారించి, 12 నెలల ఎండీటీ (పలు మందులు కలిపి ఇచ్చే చికిత్స) మొదలుపెట్టారు. ఇది ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మందు. ఒక్కో ప్యాకు 28 రోజులకు సరిపోతుంది. మొదటి రోజు రిఫాంపిసిన్ 600 మిల్లీగ్రాములు, క్లోఫజిమిన్ 300, డాప్సోన్ 100 ఆరోగ్య సిబ్బంది ఎదుటే మింగాలి. మిగతా రోజుల్లో క్లోఫజిమిన్ 50, డాప్సోన్ 100 ఇంట్లో వేసుకోవాలి.

నాలుగు ప్యాకులు క్రమంగా వాడింది. క్లోఫజిమిన్‌తో ఒళ్లు నల్లబడింది. మందు ఆపాక కొన్ని నెలల్లో ఆ రంగు దానంతటదే తగ్గిపోతుందని ఆమెకు ఎవరూ గట్టిగా చెప్పలేదు. ఫ్యాక్టరీలో తోటి ఆడవాళ్లు అడగడం మొదలుపెట్టారు. నాలుగో ప్యాకు అయ్యేసరికి మచ్చలు ఎర్రబడి ఉబ్బాయి, మోచేయి సలిపింది. దీన్ని రియాక్షన్ అంటారు. చస్తున్న క్రిములపై శరీరం తిరగబడటం వల్ల వస్తుంది తప్ప మందు పనిచేయక వచ్చేది కాదు. రోగికి మాత్రం మందు వేసుకుంటుంటే జబ్బు ముదిరినట్టే కనబడుతుంది. మందులు మానేసేవారిలో కొందరు మానేది ఇక్కడే.

సరిగ్గా ఆ వారమే పక్క మండలంలో మూడు రాత్రుల స్వస్థత కూడికలు జరిగాయి. అభిషేక తైలం రాసి ప్రార్థించారు. ఆ రాత్రి మోచేతి నొప్పి పోయింది. మైకు ముందు నిలబడి తన జబ్బు పేరు చెప్పి, దేవుడు బాగుచేశాడని సాక్ష్యమిచ్చింది. ఆ సాక్ష్యం యూట్యూబ్‌లోకి వెళ్లింది. చెన్నైలో భర్త చూశాడు, బంధువులు చూశారు. మర్నాటి నుంచి మాత్రలు మానేసింది.

మా దగ్గరికి వచ్చిన సమస్య

మందులు మానేసిన ఐదు నెలలకు కాపరి నన్ను పిలిచారు. అప్పటికి ఎడమ చేతి చిటికెన వేలు, ఉంగరపు వేలు వంగడం మొదలై సుమారు మూడు నెలలు. కుడి అరికాలులో రూపాయి బిళ్లంత పుండు. ఆమె నడుస్తూనే ఉంది, నొప్పి తెలియదు కాబట్టి. ఆదివారాలు మందిరానికి రావడం తగ్గించింది. వచ్చినా వెనక గుమ్మం దగ్గర కూర్చుని, ఆఖరి ప్రార్థన కాకముందే వెళ్లిపోయేది.

ముగ్గురం ఈ కేసు చూశాం: కాపరి, నేను, స్త్రీల సమాజంలో ఉన్న రిటైర్డ్ నర్సు అక్క. ముందుగా లెక్క చూసుకున్నది సమయాన్ని. నరం దెబ్బతిని ఆరు నెలలు దాటకపోతే స్టెరాయిడ్లతో తిరిగి కోలుకునే అవకాశం బాగా ఉంటుంది. అంటే చేతికి మిగిలింది దాదాపు మూడు నెలలే. రెండో గడువు ఎండీటీది. 12 ప్యాకులు 18 నెలల్లోపు పూర్తికావాలి. నాలుగు వాడింది, ఐదు నెలలు పోయాయి. మిగిలిన ఎనిమిది ప్యాకులకు తొమ్మిది నెలలే ఉంది. ఆమె మనసు నెమ్మదిగా మారుతుందిలే అని ఎదురుచూసే వీలు లేదు, తొందరపెడితే పూర్తిగా దూరమయ్యే ప్రమాదం ఉంది.

పనిచేయనివి

అంతకుముందే ఒక సంఘ పెద్ద వాక్యంతో ఒప్పించే ప్రయత్నం చేశారు. హిజ్కియా రాజు పుండు మీద యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద వేయించాడని, లూకా వైద్యుడని, పౌలు తిమోతికి కడుపు కోసం కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడని చూపించారు. అన్నీ సరైన వాక్యాలే. ఆమె అన్నిటికీ తలూపింది, మాత్ర మాత్రం ముట్టలేదు. మందు వేసుకోవడం పాపం కాదని ఆమెకు ముందే తెలుసు. పిల్లలకు జ్వరం వస్తే ఆసుపత్రికి తీసుకెళ్లేది ఆమే. లేని అభ్యంతరానికి జవాబు చెప్పినందువల్ల ఆ వాక్యాలేవీ ఆమెను తాకలేదు.

ఆదివారం ప్రార్థన అంశాల్లో జబ్బు పేరుతో సహా ఆమె పేరు చదివారు. మంచి మనసుతోనే చదివారు. తర్వాతి రెండు వారాలు ఆమె రాలేదు. ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన) దగ్గర ఆమెకు వేరే గ్లాసు పెట్టడం కూడా ఆ రోజుల్లోనే మొదలైంది.

ఆశా కార్యకర్త ప్యాకులు ఇంటికే తెచ్చి ఇచ్చింది. అవి బియ్యం డబ్బాలో అట్టడుగుకు చేరాయి.

కూడికలు నడిపిన దైవజనుడిని కాపరి ఒంటరిగా కలిశారు. స్టేజీ మీద ఖండించుకోవడం, వీడియోలకు వీడియోలతో జవాబివ్వడం వద్దని ముందే అనుకున్నాం. ఇద్దరు దైవజనుల మధ్య గొడవగా మారితే నలిగేది ఆమే. ఆయన చెప్పింది ఒకటే: "మందులు మానమని నేను చెప్పలేదండీ." వీడియో రెండుసార్లు చూశాం. నిజమే, ఎవరూ చెప్పలేదు. మరి ఎందుకు మానింది? మా ఆలోచన మలుపు తిరిగింది ఈ ప్రశ్న దగ్గరే.

అసలు ముడి

నర్సు అక్క ఒక మధ్యాహ్నం ఆమె ఇంటికి వెళ్లింది. మందుల మాట ఎత్తకుండా కూర్చుని, భోజనం పెట్టమని అడిగి తిని, తర్వాత ఒక్క ప్రశ్న వేసింది: ఆ మాత్ర చేతిలోకి తీసుకుంటే నీకు ఏమనిపిస్తుంది? వచ్చిన జవాబు ఇది:

"నానిప్పుడు మాత్తర మింగితే, ఆవేళ మైకులో సెప్పిందంతా అబద్ధమయిపోద్ది కదేటి అక్కా. దేవుడి పేరు పోద్ది. మా అత్త ఇంక మందిరం మెట్టు ఎక్కదు."

ఆమెను పట్టి ఉంచింది సాక్ష్యం. విశ్వాసం తక్కువై కాదు, ఎక్కువై కూడా కాదు. దేవుని పేరు కాపాడే భారం తన చేతివేళ్ల మీద వేసుకుంది. ఆ వీడియో చూశాకే అత్త మొదటిసారి మందిరం గుమ్మం దాకా వచ్చి వెళ్లింది. భర్త ఫోన్‌లో ప్రార్థన చేయించుకోవడం మొదలుపెట్టాడు. తాను మాత్ర వేసుకుంటే వీళ్లంతా వెనక్కి పోతారని ఆమె భయం. తన చెయ్యి పోయినా పర్వాలేదు, వాళ్లు నిలబడాలి. ఇది ప్రేమే. అది మోయరాని బరువై ఆమె మీదే పడింది.

ఇది అర్థమయ్యాక మేం తీసుకున్న మొదటి నిర్ణయం: ఆ రాత్రి ఆమెకు జరిగిందాన్ని కాదనమని అడగకూడదు. నొప్పి పోయిన మాట నిజం. రియాక్షన్‌లో నొప్పి హెచ్చుతగ్గులవుతుందని వైద్యం చెబుతుంది. ఆ రాత్రి దేవుడు ఆమెను తాకలేదని చెప్పే అధికారం మాకెవరికీ లేదు, చెప్పాల్సిన అవసరమూ లేదు. రెండో నిర్ణయం: మందులు వేసుకో అనే మాట పక్కనపెట్టి, ముందు సాక్ష్యం బరువు దించాలి.

పనిచేసింది

మార్కు సువార్త నుంచి రెండు భాగాలు ఆమెతో కలిసి చదివాం. మేం వ్యాఖ్యానం చెప్పకుండా ఆమెనే చదవమన్నాం.

మొదటిది 1వ అధ్యాయం 40 నుంచి 44 వరకు. యేసు కుష్ఠరోగిని ముట్టి బాగుచేస్తాడు. వెంటనే, ఎవరితోనూ ఏమీ చెప్పవద్దు, వెళ్లి యాజకునికి కనబరచుకో అంటాడు. లేవీయకాండం 13, 14 అధ్యాయాల ప్రకారం యాజకుడు చర్మాన్ని పరీక్షించాలి, అనుమానముంటే ఏడు రోజులు ఆగి మళ్లీ చూడాలి. బాగుపడినవాడికి కూడా పరీక్ష తప్పలేదు, అది కూడా బాగుచేసినవాడే పంపిన పరీక్ష. పరీక్షకు వెళ్తే విశ్వాసం లేనట్టు అనే భయం ఇక్కడ తగ్గింది.

రెండోది 8వ అధ్యాయం 22 నుంచి 25 వరకు, బేత్సయిదాలో గుడ్డివాడు. యేసు చేతులుంచి, ఏమైనా కనబడుతోందా అని అడుగుతాడు. మనుషులు చెట్లలా నడుస్తున్నట్టు ఉందని అతను ఉన్నది ఉన్నట్టు చెబుతాడు. యేసు కోప్పడడు, నీ విశ్వాసం చాలలేదనడు. మళ్లీ చేతులుంచుతాడు. అప్పుడు తేటగా కనబడుతుంది. ఆమె ఆ వచనాల దగ్గర చాలాసేపు ఆగి, మళ్లీ మొదటి నుంచి చదివింది. "అయితే సగమే అయిందని సెప్పొచ్చా?" అని అడిగింది. చెప్పొచ్చు అన్నారు కాపరి. ఉన్నది చెప్పినవాడినే ప్రభువు రెండోసారి ముట్టాడు.

స్వస్థత గురించి బోధించేటప్పుడు ఈ బేత్సయిదా భాగాన్ని మనం దాదాపు వాడం. పూర్తిగా, క్షణంలో జరిగిన వాటినే ఎంచుకుంటాం. నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే: సగం జరిగింది అని చెప్పే చోటు మందిరంలో లేకపోతే, జనం మొత్తం జరిగిందని చెప్పి ఇంటికి వెళ్లి ఒంటరిగా బాధపడతారు.

ఆ వారమే ఆమె ఆసుపత్రికి వెళ్లింది. మాత్రల కోసమని కాదు, ప్రభువు చెప్పినట్టు కనబరచుకోవడానికని వెళ్లింది. డాక్టరు నరాలు, వేళ్ల బలం, అరికాలి స్పర్శ పరీక్షించి రియాక్షన్ అని తేల్చారు. స్టెరాయిడ్ మొదలుపెట్టేముందు షుగరు, క్షయ లక్షణాలు చూశారు, నులిపురుగుల మందు ఇచ్చారు. ప్రెడ్నిసొలోన్ రోజుకు 40 మిల్లీగ్రాములతో మొదలై, రెండేసి వారాలకు 30, 20, 15, 10, 5గా తగ్గించే 12 వారాల క్రమం రాశారు. ఐదో ప్యాకు అదే రోజు మొదలైంది. పుండు, చెయ్యి ఎలా చూసుకోవాలో నేర్పించడానికి సాలూరు ఫిలడెల్ఫియా కుష్ఠు ఆసుపత్రికి ఒకసారి వెళ్లొచ్చేలా ఏర్పాటు చేశాం. ఆ ఆసుపత్రి వరండాలో వంగిన వేళ్లతో బైబిలు పేజీలు తిప్పే విశ్వాసుల్ని చూడటం ఆమెకు మేలు చేసింది.

ఉపవాసం దగ్గర చిక్కు

రెండో వారంలో ఆమె 21 రోజుల ఉపవాసం మొదలుపెడతానంది. దేవుడు రెండోసారి ముట్టాలంటే తాను ఏదైనా చేయాలనుకుంది. ఇది అందరూ గమనించాల్సిన చోటు. ప్రెడ్నిసొలోన్ ఖాళీ కడుపుతో వేసుకుంటే కడుపులో మంట, పుండు రావచ్చు. ఉపవాసమని మాత్ర ఆపితే ఇంకా ప్రమాదం: కొన్ని వారాలు వాడిన స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపితే శరీరం తన సొంత హార్మోను వెంటనే తయారుచేసుకోలేక మనిషి కుప్పకూలవచ్చు. అందుకే ఉపవాస కూడికలు నడిపేవారు ముందుగా మందుల సంగతి అడగాలి. షుగరు, ఫిట్స్, స్టెరాయిడ్, క్షయ మందులు వాడేవారికి డాక్టరును అడగకుండా ఉపవాసం చెప్పకూడదు.

వద్దని ఊరుకుంటే ఆమె దొంగతనంగా చేసేది. స్త్రీల సమాజంలో ఏడుగురు తలా మూడు రోజులు పంచుకుని ఆమె పక్షాన 21 రోజులు ఉపవాసం ఉన్నారు. వారు మిగిల్చిన పూట తిండి ఖర్చుతో ఆమెకు గుడ్లు, పాలు, పప్పు కొన్నారు. ఆకలిగొన్నవారికి నీ ఆహారం పెట్టడమే ఉపవాసమని యెషయా 58లో ఉన్నదాన్ని అక్షరాలా పాటించారు. ఉదయం తిని, మాత్ర వేసుకుని, వాళ్లతో కలిసి ప్రార్థించడం ఆమె వంతు.

కాళ్లు, గ్లాసు, అత్త

అరికాలి పుండుకు మందు కన్నా విశ్రాంతి ముఖ్యం. స్పర్శ లేని కాలు మీద బరువు పడినంతకాలం ఏ కట్టూ పనిచేయదు. ఆరు వారాలు పని మానాలి, కూలి పోతుంది. సంఘం ప్రతి వారం బియ్యం, సరుకులు ఇచ్చింది. పుండు ఉన్నంతకాలం నర్సు అక్క డాక్టరు చెప్పినట్టు కడిగి కట్టు కట్టేది. పుండు మానాక రోజూ చేయాల్సిన పని మొదలైంది. మామూలు నీళ్లలో పావుగంట నుంచి ఇరవై నిమిషాలు కాళ్లు నానబెట్టాలి. వేడినీళ్లు పనికిరావు, కాలినా తెలియదు. గట్టిపడిన చర్మాన్ని గరుకు రాయితో మెల్లగా రుద్ది తీయాలి, తడి ఆరకముందే కొబ్బరినూనె రాయాలి. తర్వాత అరికాలు మొత్తం కళ్లతో చూసుకోవాలి, ఎర్రదనం ఉందా, ముల్లు ఉందా అని. చెప్పులు ఎంసీఆర్ (మైక్రో సెల్యులార్) రబ్బరువి, లోపల మెత్తగా, అడుగు గట్టిగా, మడమ వెనక పట్టీతో. మేకులు కొట్టినవి వద్దు.

మొదట్లో ఈ పనంతా నర్సు అక్కే నేల మీద కూర్చుని చేసేది. అత్త గుమ్మంలో నిలబడి చూసేది. కొన్నాళ్లకు తానే నూనె గిన్నె అందించింది, తర్వాత అక్క రాని రోజుల్లో తానే చేసింది. కోడలు సాక్ష్యం తప్పయితే అత్త మందిరం వైపు చూడదన్న భయం తలకిందులైంది. కోడలు కాళ్లు తుడిచే మనిషిని చూసి ఆమె వచ్చింది.

ప్రభువు బల్ల విషయంలో రెండు దారులు కనబడ్డాయి: అందరికీ చిన్న గ్లాసులు పెట్టడం, లేదా పాత పద్ధతిలో ఒకే గిన్నె. ఎండీటీ మొదలైన కొద్ది రోజులకే ఆమె నుంచి ఎవరికీ సోకే అవకాశం పోతుంది. కలిసి తినడం వల్ల, ముట్టుకోవడం వల్ల ఇది అంటుకోదు. చిన్న గ్లాసులు పెడితే ఆమె వల్లే మార్చారని ఊరంతా అనుకుంటుంది. ఒకే గిన్నె ఉంచారు. మొదట వాక్యాలు చూపించిన ఆ సంఘ పెద్దే ఆమె తర్వాత తాగడానికి వరసలో నిలబడ్డారు.

పనికి తిరిగి వెళ్లేటప్పుడు యజమానికి జబ్బు పేరు చెప్పలేదు. చేతికి వేడి, కత్తి తగలకూడదని డాక్టరు రాసిన చీటీ మాత్రమే చూపించి, కోత నుంచి గ్రేడింగ్‌కు మార్చమన్నాం. గ్రేడింగ్‌లో పప్పు సైజు, రంగు కంటితో చూసి వేరుచేయాలి, వేళ్లకు గాయమయ్యే ప్రమాదం తక్కువ. సంక్రాంతికి భర్త వచ్చినప్పుడు అతన్ని, పిల్లల్ని, అత్తను పరీక్షించారు. జబ్బు లక్షణాలు లేకపోవడంతో నివారణగా ఒక్క మోతాదు రిఫాంపిసిన్ ఇచ్చారు.

ఫలితం

12 ప్యాకులు గడువులోపే అయ్యాయి. పుండు మానింది. చిటికెన వేలు, ఉంగరపు వేలు మధ్య కాగితం పెట్టి లాగితే ఇప్పుడు పట్టి ఉంచగలదు, అయినా వేలు పూర్తిగా చాపలేదు. అరికాలికి స్పర్శ తిరిగి రాలేదు. క్రిమి చచ్చినా చచ్చిన నరం అన్నిసార్లూ తిరిగి రాదు.

రెండో సాక్ష్యం ఆమె తన సంఘంలోనే చెప్పింది, మైకు లేకుండా. ఆ రాత్రి నొప్పి పోయింది, అది దేవుడే. తర్వాత వేళ్లు వంగాయి, అదీ నిజమే. డాక్టరు దగ్గరికి పంపింది ప్రభువే. కాళ్లకు ఇంకా తెలియదు, ప్రార్థించండి. పాత వీడియో తీసేయమని ఆమే స్వయంగా ఫోన్ చేసి అడిగింది, వాళ్లు తీసేశారు.

అద్భుతం ఎక్కడ జరిగిందని నన్ను అడిగితే, తైలం రాసిన రాత్రి దగ్గర మొదలుపెట్టి కాగితం పట్టుకున్న వేలి దాకా మొత్తం చూపిస్తాను. ప్రేమవలన పనిచేసే విశ్వాసమని గలతీ పత్రిక 5:6 చెబుతున్నదాన్ని ఈ ఇంట్లో చూశాం: ఏడుగురి ఉపవాసంలో, గిన్నె దగ్గర నిలబడ్డ పెద్దాయనలో, నూనె గిన్నె పట్టిన అత్తలో. మందు దీనికి పోటీ కాదు, దేవుడు వాడుకున్న వాటిలో అదొకటి.

ఈ కేసు తర్వాత ఆ సంఘం సాక్ష్యాల పద్ధతి మార్చుకుంది. స్వస్థత సాక్ష్యం చెప్పదలచినవారితో కాపరి ముందుగా విడిగా మాట్లాడతారు. ఏమి తగ్గింది, ఏమి తగ్గలేదు, డాక్టరు ఏమన్నారు, ఏ మందులు వాడుతున్నారు అని అడుగుతారు. మందులు నడుస్తుంటే, అవి పూర్తయ్యేదాకా వాడుతున్నానని సాక్ష్యంలోనే చెప్పమంటారు, విన్నవాళ్లు దానికీ స్తోత్రం చెబుతారు. జబ్బు పేరు చెప్పాలో వద్దో ఆ మనిషి ఇష్టం. రికార్డింగ్ ఉండదు. ప్రార్థన అంశాల్లో జబ్బుల పేర్లు చదవరు.

ఎండీటీ అయ్యాక కూడా కొన్నేళ్లపాటు రియాక్షన్ రావచ్చు. మచ్చ ఎర్రబడినా, మోచేయి సలిపినా, వేలు బలం తగ్గినా ఆ వారంలోనే ఆసుపత్రికి వెళ్లాలని ఆమెకు, అత్తకు ఇద్దరికీ తెలుసు. నెలకోసారి నర్సు అక్క కళ్లు మూసుకోమని అరికాలిలో పెన్ను మొన పెట్టి చూస్తుంది, తర్వాత ముగ్గురూ కలిసి ఆ కాలి కోసం ప్రార్థన చేస్తారు.